బెజవాడ వేడికి తగ్గ బొంత: పాత నేత చీరలతో మొదటి నుంచి అంచు దాకా

బొంత కుట్టడం నేర్పమని వచ్చేవాళ్ళు ముందు ఫోన్ తీసి డిజైన్ చూపిస్తారు. నక్షత్రాలు, తామరపూలు, అమెరికా వాళ్ళ లాగ్ క్యాబిన్ గడులు. నేను అడిగేది వేరు. ఇంట్లో పాత నేత చీరలు ఎన్నున్నాయి, వాటిలో ఇంకా గట్టిగా ఉన్నవెన్ని? బొంత పదేళ్ళు నిలవాలన్నా, రెండు ఉతుకులకే పీలికలవాలన్నా అది డిజైన్ చేతిలో లేదు. గుడ్డ ఎంపికలోనూ పొరల లెక్కలోనూ ఉంది.

పైగా మనం ఉండేది విజయవాడలో. పుష్యమాసంలో తెల్లవారుజామున కాస్త చలి, మిగతా ఏడాదంతా చెమటే. విదేశీ వీడియోల్లో చెప్పినట్టు మధ్యలో మందపాటి పాలిస్టర్ దూది షీటు పెట్టి కుడితే ఆ బొంత నేరుగా అటకెక్కుతుంది. మనకి కావలసింది ఏసీ గదిలో కప్పుకోవడానికి, మధ్యాహ్నం నేలమీద పరుచుకుని నడుం వాల్చడానికి, చంటిపిల్ల ఉయ్యాల్లో వేయడానికి పనికొచ్చే పల్చటి బొంత. పొద్దున ఉతికి ఆరేస్తే సాయంత్రానికి ఆరిపోవాలి. పైన అతుకుల పొర, మధ్యలో ఒక చీర, కింద ఒక చీర, అంతే. దూది వద్దు. ఏకిన దూది పరిస్తే కుట్లు చాలా దగ్గరగా పడాలి, లేకపోతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది.

ఈ లెక్కలన్నీ 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవుండే ఒంటరి మంచం బొంతకు. బొత్తిగా కొత్తవాళ్ళు 36 అంగుళాల చదరంతో, అంటే 36 గడుల ఉయ్యాల బొంతతో మొదలుపెట్టవచ్చు. పద్ధతి ఒకటే.

చీరలు ఏరుకోవడం

ఏడు చీరలుంటే నిశ్చింత. కింది పొరకు ఒకటి, మధ్యకు ఒకటి, పై గడులకు ఐదు. ఆ ఐదింటిలో ఒక్కో దాన్లో గట్టి గుడ్డ గజంన్నర దొరికితే చాలు, మిగతాది చిరిగిపోయినా ఫరవాలేదు. కింది పొరకు, మధ్య పొరకు మాత్రం దాదాపు చీర మొత్తం బాగుండాలి.

అన్నీ నూలువే కావాలి. నేత చీర అని కొన్నవన్నీ నూలు కావు. అనుమానముంటే లోపలి కొస నుంచి పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డం) పోగు ఒకటి లాగండి. వంటింటి సింకు మీద పట్టకారుతో పట్టుకుని విడివిడిగా అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే కరిగి ముడుచుకుని గట్టి పూస కడుతుంది. రెండు పోగులూ ఎందుకు కాల్చాలంటే, కొన్ని చీరల్లో పడుగు ఒకటి, పేక ఇంకొకటి ఉంటాయి.

శ్రావణమాసం పేరంటాల్లో వచ్చిన రవిక ముక్కలు ప్రతి ఇంట్లోనూ కట్టలు కట్టలుగా ఉంటాయి. కొత్తగా కుట్టేవాళ్ళ చెయ్యి ముందు అటే పోతుంది. వాటిలో చాలా భాగం పాలిస్టరో, పాలిస్టర్ కలిసిన నూలో. ఇస్త్రీ వేడికి అవి ఒక రకంగా, నూలు ఇంకో రకంగా నడుచుకుంటాయి. ఒంటికి తగిలితే చెమట పీల్చవు. వాటితో కూరల సంచులు కుట్టుకోండి, బొంతలోకి రానీయకండి.

నూలని తేలాక గట్టిదనం చూడాలి. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతుర్లో కొస నుంచి కొసకు జరుపుతూ పోండి. నడుం దగ్గర దోపుకునే చోటు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు, కుచ్చిళ్ళ కింద మడమ రాసుకునే చోటు, ఈ మూడూ ముందు బలహీనపడతాయి. వెలుతుర్లో అక్కడ నేత పల్చబడి జల్లెడలా కనిపిస్తుంది. కళ్ళతో ఆగకండి. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి గుడ్డని పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి లాగండి. గట్టి గుడ్డ సాగి వెనక్కి వస్తుంది. అలసిన గుడ్డలో పోగులు పక్కకి జరిగి సందులు పడతాయి, ఆ సందులు మళ్ళీ మూసుకోవు. ఇంకా అలిసిపోయినదైతే చిన్నగా పటపటమంటుంది. ఆ చప్పుడు విన్న చోట సుద్దతో గుండ్రంగా గీసి, ఆ భాగాన్ని మసిగుడ్డల్లో పడేయండి. అది అమ్మ చీరైనా సరే. జ్ఞాపకం కోసం ఒక్క గడి కావాలనుకుంటే కింద పల్చటి మల్లు గుడ్డ వేసి రెండూ కలిపి కత్తిరించుకోవాలి.

ఇంకో నియమం, కలిసి బొంతలు కుట్టుకునే మా నలుగురిలో ఎవరం తప్పం. గుడ్డల వయసు దగ్గరదగ్గరగా ఉండాలి. పదిహేనేళ్ళు కట్టిన చీర పక్కన నిన్న కొన్న గుడ్డ కుడితే, కొత్తది గట్టిగా నిలబడి పాతదాన్ని కుట్టు పొడుగునా లాగేస్తుంది. కుట్టు ఊడదు, కుట్టు పక్కన పాత గుడ్డ చిరుగుతుంది.

ఏ చీరలు మంచివంటే, నా మటుకు మంగళగిరి నేతే. గుంట మగ్గం మీద దగ్గరగా నేసిన సాదా ఒళ్ళు, బుటాలుండవు. అందుకే ఎక్కడ కత్తిరించినా గడి ఒకేలా ఉంటుంది. ఏళ్ళు కట్టినా నేత వదులవదు. నిజాం అంచు చూడ ముచ్చటగా ఉంటుంది గానీ జరీ ఉన్న అంచు తీసేయాల్సిందే. చర్మానికి గరుకు, సూదికి శత్రువు. పువ్వు కావాలనుకుంటే మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ ముక్క బాగుంటుంది. అచ్చులోని పువ్వు సరిగ్గా గడి మధ్యకి వచ్చేట్టు కత్తిరించుకోవాలి. అది కొత్త గుడ్డ కాబట్టి ముందు బాగా ఉతికి, రంగూ బిరుసూ కాస్త పోనిచ్చి వాడండి.

చీరలు చాలకపోతే కొనడానికి వన్‌టౌన్‌లో వస్త్రలత ఉంది. అది టోకు బజారు, నలుగురు కలిసి ఒక తాను కొని పంచుకుంటే గిట్టుబాటు. అరమీటరు, పావు మీటరు కావాలంటే బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల మ్యాచింగ్ సెంటర్లు నయం. గుంటూరు వాళ్ళకి పట్నం బజారు ఉండనే ఉంది. మీ జాకెట్లు కుట్టే టైలరమ్మని అడిగితే కటింగ్ ముక్కలు సంచి నిండా ఇస్తుంది, కాకపోతే అందులో నూలు ఏరుకునే ఓపిక మీకుండాలి.

రంగు, ఉతుకు, గంజి

ఎర్రటి చీరల్నీ నీలాల్నీ నమ్మకండి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే వేరే బకెట్లో, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి జాడించాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని పెద్దవాళ్ళు చెబుతారు, నేను ఉప్పు మీద భారం వేయను. వదులు రంగు పోయేదాకా జాడించడమే ఖాయమైన పని. ఎంత జాడించినా నీళ్ళు ఎర్రగానే వస్తుంటే ఆ చీర ఈ బొంతలోకి రాదు.

అన్నిటినీ ఉతికాక గంజి పెట్టండి. ఇది మన ఇళ్ళలో ఉచితంగా దొరికే పరికరం. పాత చీర మెత్తగా జారిపోతుంది, కత్తెర కింద వంకర్లు పోతుంది. పల్చటి అన్నం గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. గడి మూలలు సూటిగా వస్తాయి. కింది చీరకీ మధ్య చీరకీ గంజి వద్దు, అవి మెత్తగానే ఉండాలి. ఎక్కువ గంజి పెట్టినా సూది దూరడం కష్టం.

కత్తిరించడం

గడి కొలత 6½ అంగుళాల చదరం. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది, పైకి 6 అంగుళాలు కనిపిస్తుంది. అడ్డంగా 10, నిలువుగా 14, మొత్తం 140 గడులు.

వాటిలో సగం ముదురు, సగం లేత. లేత చీరలు రెండైతే ఒక్కోదాన్లో 35, ముదురువి మూడైతే ఒక్కోదాన్లో 23 లేదా 24 కోసుకుంటే లెక్క సరిపోతుంది.

కొలిచి గీసి కత్తిరించడం కంటే చింపడం మంచిది. నూలు గుడ్డ పోగు వెంటే సూటిగా చిరుగుతుంది. చీర అంచులు రెండూ తీసేసి, ఏడేసి అంగుళాలకు చిన్న గాటు పెట్టి సర్రున లాగండి. చింపిన చోట అంచు కొద్దిగా సాగి వంకర్లు పోతుంది కాబట్టే ఏడు. పట్టీని ఇస్త్రీ చేసి అప్పుడు 6½కి సరిచేసుకోవాలి. ఒక్కో పట్టీకి ఐదారు గడులు వస్తాయి.

గడి అచ్చుకు పాత ఎక్స్‌రే ఫిల్ము కంటే మంచిది లేదు. అంచు అరగదు, లోపలి గుడ్డ కనిపిస్తుంది, పువ్వుని మధ్యకి తెచ్చుకోవచ్చు. ఫిల్ము మీద పావు అంగుళం లోపలగా ఇంకో చదరం గీసుకుంటే కుట్టు గీత కూడా తెలుస్తుంది. శుభలేఖ అట్టలు మొదట బాగానే ఉంటాయి గానీ, సుద్ద గీసీ గీసీ వాటి అంచులు అరిగిపోయి చివరి గడి మొదటి గడికంటే చిన్నదవుతుంది. రోటరీ కట్టరూ (గుండ్రటి బ్లేడు దొర్లించి కోసేది) దాని కింద పరిచే మ్యాటూ కొనుక్కుంటే పని గంటల్లో తేలిపోతుంది. మొదటి బొంతకే కొనాలా అంటే, అక్కర్లేదు. పదునైన కత్తెర, సుద్ద, టేపు చాలు. ఆ కత్తెరతో మాత్రం ఇంట్లో ఎవరినీ పాల ప్యాకెట్టు కోయనివ్వద్దు.

గడి నిలువు, అడ్డం పోగు వెంటే ఉండాలి. ఐమూలగా కోసిన గడి సాగుతుంది. ఒక్కటి సాగినా దాని వరసంతా వంకర పోతుంది.

పరిచి చూసుకోవడం

రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాను ఆపి హాల్లో గడులన్నీ పరచండి. ముదురు, లేత ఒకటి విడిచి ఒకటి. ఫోన్లో ఫొటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే ఏ గడి తప్పు చోట ఉందో ఇట్టే తెలుస్తుంది, రంగుల మోజులో అది కంటికి ఆనదు. తృప్తి అయ్యాక వరసకొక కట్ట కట్టి, పైన కాగితం ముక్క మీద వరస నంబరు రాసి పిన్ను పెట్టేయండి. 14 కట్టలు.

గడులు కలపడం

కుట్టు కచ్చితంగా పావు అంగుళం ఉండాలి. కాళ్ళ మిషనైనా, మోటారు మిషనైనా ముందు ఒక పరీక్ష చేయండి. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పట్టీలు తీసుకుని పొడుగునా కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా అంగుళం వస్తే మీ పావు అంగుళం నిజమైనదే. తేడా వస్తే సూది నుంచి కొలిచి, మిషన్ ప్లేటు మీద మాస్కింగ్ టేపు అంటించి, గుడ్డ అంచు దానికి ఆనించి కుట్టండి. కుట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చిందనుకోండి, వరసలో తొమ్మిది కుట్లుంటాయి కాబట్టి వరస మొత్తం అంగుళానికి పైగా పొట్టిదవుతుంది. పక్క వరసతో కలవదు. అప్పుడు సాగదీసి కలుపుతారు, అది ఉతికాక బయటపడుతుంది.

సూది 14 నంబరు, దారం నూలుదే. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి రెండేసి గడులు కుట్టుకుంటూ పోండి. జతకీ జతకీ మధ్య దారం తెంపకుండా గొలుసులా వెళ్ళిపోవచ్చు, చివర్లో ఒకేసారి కత్తిరించుకోవచ్చు.

వరస పూర్తయ్యాక ఉల్టా వైపు కుట్టు మడతలన్నీ ఒక పక్కకి ఇస్త్రీ చేయాలి. మొదటి వరస కుడికి, రెండోది ఎడమకి, మూడోది మళ్ళీ కుడికి. అలా చేస్తే రెండు వరసలు కలిపేటప్పుడు మడతలు ఒకదానికొకటి ఎదురొచ్చి ఇముడుతాయి. వేలితో తడిమితే గడుల మూలలు కలిసినట్టు తెలుస్తుంది, అక్కడ పిన్ను పెట్టి కుట్టేయడమే. ఇస్త్రీ పెట్టెని జరపకండి, పెట్టి తీయండి. జరిపితే గడి సాగుతుంది.

వేసవిలో ఈ పని దాకానే పెట్టుకోవాలని నా సలహా. రోహిణీ కార్తెలో ఒళ్ళో మూడు పొరల బొంత పెట్టుకుని కుట్టడం ఎవరివల్లా కాదు. చేతికి చెమట పడితే సూది జారుతుంది, లేత గుడ్డ మీద మరకవుతుంది. మేము ఎండల్లో గడులు కోసి కలుపుకుంటాం. అన్నాలయ్యాక రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఫ్యాను కింద మిషన్ పని. కార్తీకం వచ్చాక పొరలు వేసి చేతికుట్టు మొదలుపెడతాం.

మూడు పొరలు వేయడం

దీనికి మనుషులు కావాలి. ఒక్కరు చేస్తే నడుం విరిగే పని, నలుగురు కూర్చుంటే కబుర్లలో అయిపోతుంది.

ముందు కింది పొర తయారు చేసుకోవాలి. ఆరు గజాల చీర 216 అంగుళాలు. అందులోంచి 90 అంగుళాల ముక్కలు రెండు తీసి, అంచులు తీసేసి, పొడుగు వైపు కలిపి కుట్టండి. 66 అంగుళాల వెడల్పుకి సరిచేయండి. పై పొరకంటే అన్ని వైపులా మూడంగుళాలు ఎక్కువ ఉంటుంది, ఉండాలి. మిగిలిన 36 అంగుళాల ముక్క దాచండి, అంచు పట్టీకి అదే.

మధ్య చీర కూడా అంతే కొలత, కానీ మడత కుట్టు వేయద్దు. రెండు ముక్కల అంచులు అరంగుళం ఒకదాని మీదొకటి పరిచి చేత్తో వదులుగా కుడితే చాలు, గట్టు తేలదు. కింది పొర అతుకు, మధ్య పొర అతుకు ఒకే చోట పడకుండా చూసుకోండి. పడితే పడుకున్నప్పుడు వీపుకి గీతలా తగులుతుంది.

నేల తుడిచి ఆరబెట్టి, కింది పొరని ఉల్టా వైపు పైకి వచ్చేలా పరచండి. నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో నేలకి అంటించండి. ముడతలు పోయేంత లాగితే చాలు. బిగలాగి అంటిస్తే టేపు తీసిన క్షణంలో ముడుచుకుపోయి పైపొర ఉబ్బుతుంది. దాని మీద మధ్య చీర, దాని మీద అతుకుల పొర మంచి వైపు పైకి. ప్రతి పొరనీ మధ్య నుంచి చివరలకి అరచేత్తో సర్దాలి.

ఇక టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే కుట్లు. పొడుగు సూది, తెల్ల దారం, బెత్తెడు దూరానికో వరస చొప్పున పెద్ద పెద్ద టాకాలు. మధ్యలోంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులకీ. నలుగురం నాలుగు మూలలకి పోతే గంటలో అయిపోతుంది. సత్యనారాయణపురంలో మేం కూర్చునే ఇంట్లో ఒక కట్టుబాటుంది. బొంత నేల మీద ఉన్నంతసేపు కాఫీ మాత్రమే, పునుగులు బయట వరండాలో తిని చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి రావాలి. నూనె మరక ఒక్కసారి లోపలి పొరదాకా దిగితే ఇక పోదు.

ఇంకో కట్టుబాటు నోటితో చెప్పుకోం, అందరికీ తెలుసు. ఒకరి కుట్టు నచ్చలేదని వాళ్ళు వెళ్ళిపోయాక ఊడదీసి మళ్ళీ కుట్టకూడదు. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది. మా వదిన కుట్టు నువ్వు గింజంత, పక్కవాటా పిన్నిగారిది బియ్యపు గింజంత. బిగువు తేడా ఉంటే మాత్రం చెప్పాలి, అది బొంతకి దెబ్బ. నేర్చుకునే రోజుల్లో పిన్నిగారు నా పక్కన కూర్చుని, "ఏమ్మా, అంత బిగలాగుతావేం? గుడ్డకీ ఊపిరాడాలిగా" అనేవారు. కుట్టిన వరస మీద వేలు రాస్తే గుడ్డ కొద్దిగా గుంటపడి మళ్ళీ లేవాలి. కుచ్చుపట్టినట్టు ముడుచుకుందంటే బిగువెక్కువ.

చేతికుట్టు

దారం యాంకర్ ఆరు పోగుల నూలు దారం, అందులో రెండు పోగులు విడదీసి వాడండి. పొడవు మూరెడు, మూరెడున్నర మించకూడదు. పొడుగు దారం పెట్టుకుంటే సూదికి దారం ఎక్కించే పని తగ్గుతుందనుకుంటారు, చిక్కులు తీసుకోవడంలో అంతకు రెట్టింపు సమయం పోతుంది. దారాన్ని ఒకసారి తేనె మైనం మీద లాగితే పీచు లేవదు.

సూది పొట్టిగా, సన్నగా ఉండాలి. సూది గుచ్చుకోకుండా మధ్యవేలికి అంగుస్తానా (వేలి టోపీ) తొడగండి. మొదటి రోజు అడ్డంగా అనిపిస్తుంది, మూడో రోజు అది లేకుండా కుట్టబుద్ధి కాదు.

దారం చివర చిన్న ముడి వేసి, కుట్టు మొదలయ్యే చోటికి అంగుళం దూరంలో పైపొరలోకే సూది గుచ్చి, లోపల్నుంచి తెచ్చి కుట్టు దగ్గర పైకి తీయండి. దారాన్ని నెమ్మదిగా లాగుతూ ఉంటే ముడి పైపొర దాటి లోపలికి పోతూ చిన్నగా టప్‌మంటుంది. ఇక అది లోపలే ఉండిపోతుంది, పైనా కిందా కనిపించదు. దారం అయిపోయేటప్పుడూ ఇదే పద్ధతి. గుడ్డకి దగ్గరగా ముడి వేసి, లోపలికి లాగేసి, అంగుళం అవతల సూది తీసి కత్తిరించాలి.

తర్వాతదంతా మామూలు ముందు కుట్టే. సూదిని కిందికి నిటారుగా దించి, కింద చేతి వేలికి మొన తగలగానే పైకి తిప్పాలి. అలా మూడు నాలుగు కుట్లు సూది మీదికి ఎక్కించి ఒకేసారి లాగండి. అంగుళానికి ఐదారు కుట్లు చాలు. కుట్టు పొడవు ఎంతైనా, అన్నీ ఒకేలా ఉంటే చూడ్డానికి బాగుంటుంది. మూడు పొరలూ పట్టిందో లేదో అప్పుడప్పుడు తిరగేసి చూసుకోండి. కొత్తవాళ్ళ కుట్టు పైన అందంగా ఉండి కింద అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది.

మధ్య వరస నుంచి మొదలుపెట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యకి చేరి బుడగలా నిలుస్తుంది. వరసల మధ్య దూరం అంగుళం. అంటే పొడుగునా 60 వరసలు, ఒక్కోటి 84 అంగుళాలు, మొత్తం 5040 అంగుళాలు. 140 గజాల కుట్టు. భయపడక్కర్లేదు, రోజుకి రెండు వరసలు వేసినా నెలరోజులే. దారం లచ్చి 8 మీటర్లుంటుంది, రెండేసి పోగులకి విడదీస్తే 24 మీటర్లు. ఏడెనిమిది లచ్చీలు ఒకేసారి కొని పెట్టుకోండి, తర్వాత వెళితే అదే నంబరు రంగు దొరక్కపోవచ్చు.

వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, ఎడమచేత్తో కుట్టేవాళ్ళకి కుడివైపు నుంచి. సాయంత్రం దీపాల వెలుతుర్లో ముదురు గుడ్డ మీద ముదురు దారంతో కుట్టకండి, అవి పగటికి వదిలేయండి.

మిషన్ మీదే కుట్టాలనుకునేవాళ్ళు 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టి, సూటి వరసలే కుట్టండి. మామూలు పాదం కింద పైపొర వెనకబడి ముడతలు పడుతుంది. పైపొరని కూడా ముందుకి నడిపించే వాకింగ్ ఫుట్ మీ మిషన్‌కి దొరికితే తప్పక వేయించండి. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ మిషన్ కుట్టు బొంత కాస్త బిరుసుగా ఉంటుంది, చంటిపిల్లలకి నేనైతే చేతికుట్టే ఇస్తాను.

అసలు మిషనే లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలో గడులు ముందుగా కలపరు. కింది గుడ్డ మీద ఒక మూల నుంచి ముక్కని అంచులు లోపలికి మడిచి పెట్టి ముందు కుట్టుతో కుడుతూ, పక్కన ఇంకో ముక్క చేరుస్తూ, చుట్టూ తిరిగి మధ్యకి వచ్చి ముగిస్తారు. అతుకూ కుట్టూ ఒకేసారి అయిపోతాయి. కొలతలు అక్కర్లేదు, కటింగ్ ముక్కలకి ఇదే సరైన పద్ధతి. మూలల్లో మడిచిన చిన్న గుడ్డ పువ్వులు పెట్టి పూర్తి చేస్తారు, దాన్ని ఫూల అంటారు.

అంచు పట్టీ

కుట్టు అయ్యాక టాకాలు విప్పేసి, ఎక్కువున్న కింది పొరని, మధ్య పొరని పైపొరతో సమంగా కత్తిరించండి. చుట్టుకొలత 288 అంగుళాలు. మూలలకీ చివరి అతుకుకీ కలిపి 300 అంగుళాల పట్టీ కావాలి. దాచిన 36 అంగుళాల ముక్కలోంచి రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది తీసి ఐమూలగా కలిపితే సరిపోతుంది. ఐమూలగా కలపడమెందుకంటే మడతలన్నీ ఒకే చోట గుట్టపడవు. చీర అంచు జరీ లేకుండా, అరగకుండా ఉంటే దాన్నే వాడవచ్చు. నడుం వైపు అంచే తీసుకోండి, కాళ్ళ వైపుది ఫాల్ కింద ఎంత ఉన్నా మడమలకి రాసుకుని ఉంటుంది.

పట్టీని పొడుగునా రెండుగా మడిచి ఇస్త్రీ చేయండి. పట్టీ విడి అంచులు బొంత అంచుతో కలిసేట్టు పైవైపు పెట్టి పావు అంగుళం లోపలగా కుట్టండి. మూల రావడానికి పావు అంగుళం ముందే కుట్టు ఆపి, సూది తీసేయండి. పట్టీని నిటారుగా పైకి మడిస్తే మూలలో ఐమూల గీత పడుతుంది. దాన్ని వేలితో నొక్కి పట్టుకుని, పట్టీని మళ్ళీ కిందికి దించి, పై మడత బొంత అంచుతో సమంగా ఉందో లేదో చూసి, అంచు నుంచే కుట్టు మొదలుపెట్టండి. పట్టీని వెనక్కి తిప్పగానే మూల తనంతట తనే కుదురుతుంది. వెనక వైపు హెమ్మింగ్ చేత్తోనే వేయాలి. సూది మిషన్ కుట్టు దాటి పై వైపుకి రాకూడదు.

ఉతుకు, దాపకం, రిపేరు

మొదటి ఉతుకు వెంటనే వేయాలి. గంజి పోవాలి, లేకపోతే పురుగు పడుతుంది, సుద్ద గీతలూ పోవాలి. చన్నీళ్ళు, కొద్దిగా సబ్బు పొడి. పిండకండి. తడి బొంత చాలా బరువుంటుంది, ఒక్క దండెం మీద వేలాడేస్తే కుట్లు లాగుతాయి. రెండు దండేల మీద పరిచినట్టు, ఉల్టా వైపు పైకి ఉండేలా నీడలో ఆరేయండి. మే నెల డాబా ఎండ ఒక్క మధ్యాహ్నంలో ఎరుపుని తినేస్తుంది.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, వానాకాలం ముక్కవాసన వస్తుంది. పాత నూలు పంచెలో చుట్టి, బాగా ఎండిన వేపాకు పొట్లం కట్టి పక్కన పెట్టండి. అప్పుడప్పుడు తీసి మడతలు మార్చి పెట్టండి, ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే గుడ్డ అక్కడే చిట్లుతుంది.

కత్తిరించగా మిగిలిన గడులు ఓ పది, అదే దారం ఒక లచ్చి బొంతతోపాటే కట్టి ఉంచండి. ఎప్పుడైనా ఒక గడి చిరిగితే దాన్ని విప్పక్కర్లేదు. కొత్త గడి నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి, చిరిగినదాని మీదే పెట్టి హెమ్మింగ్ చేసి, పాత వరసల మీదుగా మళ్ళీ ముందు కుట్టు వేసేయండి. మిగిలిన గడుల్ని కూడా బొంత ఉతికినప్పుడల్లా దానితోపాటే ఉతకండి. అప్పుడే వాటి రంగు బొంతతో సమానంగా వెలిసి, అతికిన గడి వేరుగా కనిపించదు.